చీకట్లో చిటికె

ఈ స్మారక ఉపన్యాసం ఏ సారు యాదిలో ఏర్పాటైందో, ఆయన జీవశాస్త్రం పాఠం చాలాసార్లు తాటిచెట్టు కిందే మొదలయ్యేదని పాత విద్యార్థులు చెప్పుకుంటారు. జగిత్యాల దగ్గర కోరుట్ల బాట మీది తాటివనంలో గీత కార్మికుడు మోకు బిగించి పైకెక్కి, ఎండిన కమ్మలు కొట్టి కింద పడేస్తాడు. వాటిలో ఒకదాన్ని ఏరి తెచ్చి సారు తిరగేసేవారు. కమ్మ మడతలో, చిన్న గరిటెను నిలువునా సగానికి కోసి అతికించినట్టు, వేలెడంత గూడు. ఈకలు, దూది లాంటి నూగు. కమ్మ పట్టుకుని ఎంత దులిపినా ఆ గూడు ఊడదు. "దేంతో అంటింది చెప్పుండ్రి" అని అడిగేవారు. ఒకడు తుమ్మజిగురు అనేవాడు, ఇంకొకడు బురద అనేవాడు. "ఉమ్మి" అని సారు అనగానే తాటివనమంతా నవ్వులే.

ఆ గూడు కట్టేది తాటిచెట్లను నమ్ముకుని బతికే చిన్న స్విఫ్ట్ పక్షి. కొడవలి లాంటి రెక్కలు, చీలిన తోక, పొగరంగు ఒళ్లు. సాయంత్రం పూట వనం మీద కీచుమంటూ తిరిగే ఈ పిట్టను ఊళ్లో కొందరు పిచ్చుక అనుకుంటారు, చీకటి పడ్డాక చూసినవాళ్లు గబ్బిలం అనుకుంటారు. రెండూ కాదు. స్విఫ్టుల కుటుంబానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరుకు గ్రీకులో 'కాళ్లు లేనిది' అని అర్థం. కాళ్లు లేకేం, ఉన్నాయి. కానీ అవి కొమ్మ మీద కూర్చోవడానికి పనికిరావు, గోడకో కమ్మకో గోళ్లు గుచ్చి వేలాడటానికే పనికొస్తాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నది ఏ పిట్టైనా కావచ్చు గాని, స్విఫ్ట్ మాత్రం కాదు. ఐరోపాలో గూడు పెట్టే పెద్ద స్విఫ్టుల వీపున బుల్లి యంత్రాలు కట్టి చూసిన స్వీడన్ పరిశోధకులు, వాటిలో కొన్ని ఏడాదిలో పది నెలలు నేలకు దిగకుండా గాలిలోనే తిన్నాయని, అక్కడే నిద్రపోయి ఉంటాయని 2016లో ప్రకటించారు.

ఈ సాయంత్రం మాట్లాడుకునేది తాటివనం పిట్ట గురించి కాదు, దాని దాయాది గురించి. జగిత్యాల నుంచి నైరుతి దిక్కుకు గీత గీస్తే దాదాపు 5 వేల కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలో రెండు దీవులున్నాయి: మారిషస్, రీయూనియన్. ఒకటి స్వతంత్ర దేశం, మరొకటి ఇప్పటికీ ఫ్రాన్స్‌లో భాగం. మధ్యలో దాదాపు 200 కిలోమీటర్ల సముద్రం. మారిషస్ దీవి జగిత్యాల జిల్లా కంటే చిన్నదే. ప్రపంచం మొత్తంలో ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా కనిపించని స్విఫ్ట్‌లెట్ ఒకటి అక్కడి గుహల్లో కాపురముంటుంది. స్విఫ్ట్‌లెట్ అంటే బుల్లి స్విఫ్ట్ అనే. ఈ రెండూ మాస్కరీన్ దీవుల గుంపులోవి గనుక దాన్ని మాస్కరీన్ స్విఫ్ట్‌లెట్ అన్నారు. పొడవు జానెడులో సగం. బరువు తొమ్మిది పది గ్రాములు, అంటే ఊరపిచ్చుకలో సగం కూడా లేదు. ముదురు గోధుమ వీపు, తోక మొదట్లో కొంచెం లేతరంగు, కింద బూడిదరంగు. పంచవన్నెల చిలుక పక్కన పెడితే ఎవరూ తిరిగి చూడని పిట్ట.

దాని శాస్త్రీయ నామంలో 'ఫ్రాన్సికస్' అనే మాట ఉంది. 1789లో జర్మన్ పండితుడు గ్మేలిన్ ఈ పక్షికి పేరు పెట్టేనాటికి మారిషస్ పేరు 'ఈల్ ద ఫ్రాన్స్', ఫ్రెంచి దీవి. ఈ మాట వినగానే జగిత్యాల వాళ్లకు ఊరి కోట గుర్తుకు రావాలి. నక్షత్రం ఆకారపు ఆ రాతి కోటను 1747లో ఇబ్రహీంఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజనీర్లతో కట్టించాడని చెబుతారు. ఆ ఇంజనీర్లు జాక్, తాల్ అనే ఇద్దరని, వాళ్ల పేర్లు కలిసే జగిత్యాల అయిందని ఒక కథ కూడా నడుస్తుంది. కథను నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. కాలం మాత్రం సరిగ్గా కుదురుతుంది. కోట కట్టడానికి ఏడాది ముందు, 1746లో, ఈల్ ద ఫ్రాన్స్ గవర్నరు లాబూర్దొనే అదే దీవి నుంచి ఓడలు నడుపుకుంటూ వచ్చి ఇంగ్లీషువాళ్ల చేతిలోని మద్రాసును పట్టుకున్నాడు. దక్కనులో ఫిరంగి మోగుతున్న ఆ రోజుల్లో, ఆ ఓడలు బయల్దేరిన దీవిలో నేల కింద చీకట్లో ఈ పిట్ట తన పనేదో తాను చేసుకుంటోంది.

1810లో ఇంగ్లీషువాళ్లు ఆ దీవిని లాక్కున్నారు. పిట్ట పేరులో మాత్రం ఫ్రాన్స్ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత తెలుగువాళ్లు చేరారు. ఉత్తర తెలంగాణలో వలస అంటే బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అనే మూడు మాటలు. సిరిసిల్ల పద్మశాలీలు భివండి సాంచెలకు, అంటే మరమగ్గాలకు, పోయారు, కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి ఇంటికొకరు గల్ఫుకు పోయారు. కోస్తాలో ఈ కథ అంతకు నూటయాభై ఏళ్ల ముందే మొదలైంది. 1828లో యానాం నుంచి కొద్దిమంది కూలీలను, అప్పట్లో బూర్బోన్ అనే పేరున్న రీయూనియన్‌కు ఓడలో తీసుకుపోయారు. అక్కడివాళ్లు వాళ్లను 'తెలింగా'లన్నారు. 1834 నవంబరులో మారిషస్‌కు ఒప్పందపు కూలీల రాక మొదలయ్యాక, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూడా జనం బయల్దేరారు. రేవు పేరే జాతి పేరై, మారిషస్‌లో తెలుగువాళ్లు 'కోరంగీ'లయ్యారు. వాళ్లు దిగిన రేవుమెట్లను, ఇవాళ ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే చోటును, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దీవిలోనే. అక్కడ ఉగాదికి దేశమంతటా సెలవు. దీపం చుట్టూ ఆడుతూ చేసే రామభజనం, సింహాద్రి అప్పన్న కొలుపు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ కూలీల మొదటి పని చెరకు నాటడం కాదు, రాళ్లు ఏరడం. మారిషస్ అగ్నిపర్వతాలు పుట్టించిన నేల. ఏ మూల తవ్వినా నల్లరాయి. చెరకు తోటల మధ్య గుట్టలు గుట్టలుగా పేర్చిన ఆ నల్లరాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి కింద మన పిట్ట ఇల్లు.

లావా పారేటప్పుడు పైపొర చల్లబడి గట్టిపడుతుంది, లోపలిది వేడిగా ప్రవహిస్తూనే ఉంటుంది. మరిగిన పాల మీద మీగడ కట్టినట్టు. లోపలి లావా కిందికి జారిపోయాక ఖాళీ గొట్టం మిగులుతుంది. అలాంటి లావా సొరంగాలు ఆ దీవి పొలాల కింద చాలా ఉన్నాయి. ఎక్కడో ఒకచోట పైకప్పు కూలి గుంత పడుతుంది. నాగలి పోదు గనుక ఆ గుంత చుట్టూ నాలుగు చెట్లు మొలుస్తాయి. చెరకు తోట నడుమ ఊరికే ఓ చెట్ల గుంపు కనబడితే అక్కడ గుహ నోరు ఉందేమోనని అనుమానించవచ్చు. స్విఫ్ట్‌లెట్లు ఆ నోట్లోంచి పగలు బయటికి వచ్చి, గాలిలో తేలే దోమలు, ఈగలు, రెక్కల చీమలు పట్టుకు తింటాయి. తొలకరి సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు లేస్తే ఇక్కడి స్విఫ్టులు చేసే హడావుడే అక్కడా. పొద్దుగూకాక మళ్లీ లోపలికి. వెలుతురు చేరే మొదటి గజాలు దాటి, కన్ను పొడుచుకున్నా కానరాని చోటుకు.

అక్కడ వాటికి దారి ఎలా తెలుస్తుంది?

నోటితో. స్విఫ్ట్‌లెట్ చీకట్లోకి వెళ్లగానే టిక్ టిక్ మని చిటికెలు వేసినట్టు శబ్దం చేస్తుంది, గోడలకు తగిలి తిరిగొచ్చే ధ్వనిని విని దారి పోల్చుకుంటుంది. గబ్బిలం చేసేదీ ఇదే పని, కాని ఒక పెద్ద తేడా ఉంది. చాలా గబ్బిలాల కూత మనిషి చెవికి అందనంత సన్నగా, సెకనుకు 20 వేల కంపనాలు దాటి ఉంటుంది. స్విఫ్ట్‌లెట్ చిటికెలో బలమంతా 10 వేల లోపే గనుక మనకూ వినబడుతుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీస్తే వచ్చే చప్పుడును పోలి ఉంటుంది. ఒక్కో చిటికె సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఎక్కువ జాతుల్లో అవి జంటగా, రెండేసి వస్తాయి. గూటికి దగ్గరవుతున్న కొద్దీ జోరు పెరుగుతుంది. శబ్దం ముతక కావడంతో చూపు కూడా ముతకే. దోమ ఆ ధ్వనిలో దొరకదు. అందుకే గబ్బిలం చెవులతో వేటాడుతుంది, స్విఫ్ట్‌లెట్ కళ్లతో వేటాడి చెవులతో ఇల్లు చేరుతుంది. చీకటి దారిలో కడ్డీలు వేలాడదీసి చేసిన ప్రయోగాల్లో ఈ పక్షులు వేలి మందం కడ్డీలను తప్పించుకున్నాయి, సన్నటి తీగలకు మాత్రం తగిలాయి.

సిరిసిల్లలో సాంచెల మధ్య పెరిగినవాళ్లకు ఇది వింత అనిపించదు. చెవులు గింగురుమనే షెడ్డులో నాలుగు సాంచెలు ఒకేసారి చూసుకునే కార్మికుడు ఏ మగ్గంలో పోగు తెగిందో వెనక్కి తిరక్కుండానే చప్పుడు మారడంతో పసిగడతాడు. కరెంటు పోయిన షెడ్డులో గొంతు సవరించుకుంటూ నడిస్తే గోడ ఎంత దూరమో కొంత తెలిసిపోతుంది కూడా. మనిషి చెవి మరీ తీసిపారేసేది కాదు.

పక్షుల్లో ఈ విద్య ఉన్నవి రెండు రకాలే: ఈ స్విఫ్ట్‌లెట్లు, దక్షిణ అమెరికా గుహల్లో పండ్లు తిని బతికే ఆయిల్‌బర్డ్. ఈ సంగతి శాస్త్రంగా రుజువైంది 1950ల్లో, అంటే ఈ సభలో పెద్దవాళ్లు పలక పట్టుకున్న కాలంలో. తర్వాత పండితులు చిటికె వేసే స్విఫ్ట్‌లెట్లను ఒక ప్రజాతిగా, వేయనివాటిని వేరే ప్రజాతిగా చక్కగా విడదీశారు. 2004లో, వేయనివాటి గుంపులో ఉన్న ఒక మరుగుజ్జు పిట్ట ఫిలిప్పీన్స్‌లో చీకట్లో చిటికె వేసి పట్టుబడింది. పండితుల గీతలు పిట్టలకు తెలియవు కదా.

బెలుం గుహల్లో, బొర్రా గుహల్లో ఈ చిటికె వినబడదు. అక్కడి చీకటి గబ్బిలాలదే. దక్షిణ భారతదేశంలో స్విఫ్ట్‌లెట్ ఉన్నది పడమటి కనుమల వైపు. తెలుగు నేలకు ఈ పిట్ట రాలేదు గాని, ఈ పిట్ట నేలకు తెలుగువాళ్లు పోయారు.

మారిషస్ స్విఫ్ట్‌లెట్ గూడు సరుగుడు పుల్లలతో, నాచు లాంటి లైకెన్లతో తయారవుతుంది. పుల్లలన్నింటినీ కలిపి గోడకు అతికించేది ఉమ్మే. అందులో రెండు తెల్లటి గుడ్లు. ఇక్కడ ఒక చిన్న విశేషం ఉంది. సరుగుడు ఆ దీవి చెట్టు కాదు, బయటినుంచి తెచ్చి నాటింది. దాన్ని అక్కడ 'ఫిలావ్' అంటారు. పుట్టుకతో ఆ గుహలకు కట్టుబడ్డ పిట్ట, వలస వచ్చిన చెట్టు పుల్లతో ఇల్లు కట్టుకుంటోంది. కోరంగి రేవులో ఓడెక్కిన మనిషి కూడా అక్కడ దిగాక ఆ వలస చెట్టు నీడనే నిలబడ్డాడు.

పిట్టకు కష్టం ఎక్కడ వచ్చిందంటే గుహ నోటి దగ్గర. పొలం మధ్య గుంత కనబడితే మనిషికి రెండే ఆలోచనలు: పూడ్చేయడం, లేదా చెత్త వేయడం. అక్కడా అదే జరిగింది. కొన్ని గుహల్లో ఆకతాయిలు గూళ్లు రాల్చారు, కొన్నింట్లో సూపు కోసం గూళ్లు పీకారు. గుహలో శత్రువు రాలేని చోటు చూసుకుని ఈ పిట్టలు వందల గూళ్లు ఒకే గోడకు కడతాయి. అదే వాటి బలం, అదే వాటి ముప్పు. వంద చెట్లకు వంద గూళ్లుంటే ఒక్క రోజులో ఎవడూ అన్నీ పాడుచేయలేడు. ఒక గుహ నోరు మూయడానికి మాత్రం రెండు ట్రాక్టర్ల మట్టి చాలు. అంతర్జాతీయ జాబితాల్లో ఈ పిట్ట 'ముప్పుకు చేరువలో' అన్న వర్గంలో ఉంది.

మారిషస్‌కు పక్షులను పోగొట్టుకున్న అపకీర్తి ఉంది, కాపాడుకున్న కీర్తీ ఉంది. డోడో 17వ శతాబ్దంలోనే పోయింది. 1974లో నాలుగంటే నాలుగు మిగిలిన మారిషస్ డేగను కార్ల్ జోన్స్, ఆయన తోటివారు గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి వందలకు చేర్చారు. గులాబి పావురం, ఆకుపచ్చ చిలుక కూడా అలాగే గట్టెక్కాయి. స్విఫ్ట్‌లెట్‌కు అలాంటి పేరు రాలేదు. బోనులో పెట్టి పెంచే పిట్ట కాదు, ఫోటోకు నిలబడే పిట్ట కాదు. నిజానికి దానికి కావలసింది కూడా పెద్దగా ఏమీ లేదు, గుహ నోరు తెరిచి ఉంచి, లోపలికి పోయేవాణ్ని ఆపితే చాలు. కాపలా ఎవరన్నదే చిక్కు.

దీనికి ఒక జవాబు మన దేశంలోనే, అండమాన్ దీవుల్లో దొరికింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయిన తెలుగు కుటుంబాలు బోలెడు స్థిరపడ్డ దీవులవి. అక్కడి గుహల్లో ఉండే స్విఫ్ట్‌లెట్ గూడు దాదాపు పూర్తిగా ఉమ్మితోనే కడుతుంది, పుల్ల ఉండదు. ఎండితే తెల్లటి చిన్న దోనె. చైనా వంటల్లో సూపుకు వాడేది దీన్నే, తూకానికి వెండి ధర పలుకుతుందని చెప్పుకునే సరుకు. అండమాన్ రకానికి 1873లో పేరు పెట్టిన ఎ. ఓ. హ్యూమ్, తర్వాత పన్నెండేళ్లకు కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్, 1990ల నడుమ ఆ దీవుల్లో మూడు వందలకు పైగా గుహలు తిరిగి లెక్క తీశాడు. చేతికి వచ్చిన లెక్క భయపెట్టేది. గుడ్లున్నా పిల్లలున్నా చూడకుండా గూళ్లు పీకడంతో పిట్టలు వేగంగా అంతరిస్తున్నాయి. గూడు పోతే పిట్ట మళ్లీ కడుతుంది, మళ్లీ పీకుతారు, మళ్లీ కడుతుంది. వారాల తరబడి ఉమ్మి పోగేసి కట్టిన ఇల్లు ఒక్క గోటి పెట్టుతో పోతుంది. నిషేధం కాగితం మీద ఉన్నా, అడవిలో దాక్కున్న గుహకు ఏ గార్డు కాపలా కాస్తాడు?

రవి శంకరన్ చేసిన పని, గూళ్లు దొంగిలించేవాళ్లనే పిలవడం. ఏ గుహకు ఏ దారి, ఏ పగులులో ఎన్ని గూళ్లు, ఏ నెలలో పిల్లలు ఎగురుతాయి అన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ శాస్త్రవేత్తకూ తెలియదు. అటవీశాఖతో కలిసి ఉత్తర అండమాన్‌లో రామ్‌నగర్ దగ్గరి చాలీస్-ఏక్ కొండ గుహల వద్ద, ఇంటర్‌వ్యూ దీవిలో, వాళ్లను కాపలాదారులుగా పెట్టారు. గుడ్లు పెట్టే కాలమంతా వాళ్లు గుహ నోటి దగ్గరే గుడారం వేసుకుని ఉంటారు. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లు తీసి అమ్ముకోనిస్తే పిట్టా మిగులుతుంది, మనిషికీ కూడు మిగులుతుంది అన్నది ఆయన వాదన. పరిరక్షణ అంటే ముట్టుకోకపోవడమే అనుకునేవాళ్లకు అది రుచించలేదు. కాపలా ఉన్న గుహల్లో మాత్రం పిట్టలు పెరిగాయి. 2009 జనవరిలో రవి శంకరన్ గుండెపోటుతో పోయాడు. నలభై అయిదేళ్లు. అప్పటికి ఆ కేంద్రానికి డైరెక్టరు. ఆయన గురించి ఇక్కడ ఇంతసేపు చెప్పడం ఎందుకంటే, సారు నమ్మినదీ ఇదే. చెట్టు గురించి తెలియాలంటే చెట్టెక్కేవాణ్ని అడగాలని, గీత కార్మికుడిని తరగతికి పిలిచి పిల్లల ముందు కుర్చీ వేసేవారు.

పసిఫిక్ సముద్రంలో గ్వామ్ దీవి కథ ఇంకో రకం. అక్కడి స్విఫ్ట్‌లెట్లను కొన్నింటిని 1962లో, 1965లో పట్టుకుపోయి వేల మైళ్ల అవతల హవాయిలోని ఒవాహు దీవిలో వదిలారు. చాలాకాలం అవి చచ్చిపోయాయనే అనుకున్నారు. తీరా చూస్తే, సాగునీటి కోసం ఎవరో తవ్వి వదిలేసిన ఒక సొరంగంలో గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. ఈలోగా గ్వామ్‌లో ఓడల్లో చేరిన గోధుమరంగు చెట్టుపాము అడవి పక్షుల్ని చాలావరకు తినేసింది. పంపిన ఊళ్లో కష్టం, పోయిన ఊళ్లో ఒక్క సొరంగం. గల్ఫు నుంచి ఫోను వచ్చే ఇళ్లలో ఈ మాటకు వేరే వివరణ అక్కర్లేదు.

ఉమ్మి గురించి ఒక మాట సిరిసిల్ల నేతన్నలకు బాకీ ఉంది. పట్టుపురుగు దారం తీసే గ్రంథి కూడా మొదట్లో ఉమ్మి గ్రంథే, కాలక్రమంలో మారింది. పురుగు ఉమ్మి చీర అయింది, పిట్ట ఉమ్మి సూపు అయింది. పాలిస్టరు నేసే సిరిసిల్లకు పట్టుతో పని తక్కువే అనుకోండి.

జగిత్యాల చుట్టుపక్కల తాటివనాలు మునుపటంత లేవు. పొలం గట్టు మీది తాళ్లు కొట్టేశారు, ఇటుక బట్టీలకు పోయాయి. మిగిలిన చెట్లకు ఎండుకమ్మ వేలాడితే గీతకు అడ్డం, కొట్టక తప్పదు. తాటి స్విఫ్ట్ గూడు పెట్టేది సరిగ్గా ఆ వేలాడే కమ్మలకే. ఏ కమ్మకు గూడుందో చెట్టెక్కినవాడికి కళ్లెదుటే కనిపిస్తుంది. ఆ ఒక్క కమ్మ ఇంకో నెల ఆపగలరా అన్నది సారు చాలాసార్లు అడిగిన ప్రశ్న. ఆపినవాళ్లూ ఉన్నారు, "గదేంది సారూ, పిట్ట కోసం కల్లు పాడుజేసుకుంటనా" అని నవ్వినవాళ్లూ ఉన్నారు.

ఆయన తెచ్చిన కమ్మల్లో ఒకటి ఇప్పటికీ బడి బీరువాలో, పాత రికార్డుల కింద ఉంది. కమ్మ ఎండి చుట్టుకుపోయింది. ఈకలు పురుగు కొట్టేసింది, నూగు బూజుపట్టింది. గూడు అంచు కమ్మకు అంటిన చోట మాత్రం, వేలితో తడిమితే, ఎండిన అన్నం మెతుకంత గట్టిగా ఉంది. ఇంకా ఊడలేదు.